మిత్తి లెక్క

మా తమ్ముడు పది ఫెయిలైండు. నాయిన సచ్చిన ఏడాది అది. ఇద్దరిని సదివించుడు నాతోని కాదన్నది అవ్వ. నేను బీఈడీ దాకా పోయిన. వాడు పటేలు బావికాడ జీతమున్నడు. నా సదువుకు వాడు కట్టిన ఫీజు అది.

ఆ ఫెయిలే తర్వాత వాని పాస్‌పోర్టు మీదికెక్కింది. 1983 వలస చట్టం కింద, పది పాసుగానోడు గల్ఫ్‌కు కూలికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలె. పాసైనోనికి అక్కర్లేదు. మోసపోకుండ కాపాడేటందుకే అంటరు. ఏజెంటు 30 వేలు, దాని మీద పన్ను మించి తీసుకోవద్దనే నిబంధన గూడ ఉన్నది. 2021లో మా తమ్ముని దగ్గర లక్షా 20 వేలు గుంజిండ్రు. రసీదు మాత్రం 30 వేలకే. బ్యాంకోళ్లు కుదువకు భూమేదన్నరు. భూమే ఉంటే దేశంగాని దేశం ఎందుకు పోతడు? నూటికి మూడు రూపాల మిత్తికి తెచ్చినం. నెలకు 3,600.

2020 సెప్టెంబరులో గల్ఫ్ కూలీల కనీస వేతనాన్ని మన కేంద్రమే 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. జీతం ఎక్కువంటే మనోళ్లను పనికి పెట్టుకోరన్నది వాదన. తెలంగాణ హైకోర్టు దాకా కేసు పోయినంక, 2021 జులైలో వెనక్కి తీసుకున్నది. ఖతార్ మాత్రం ఆ మార్చి నుంచే 1,000 రియాళ్ల కనీస వేతనం పెట్టింది. పరాయి సర్కారు ఇచ్చిన పాటి ధర మన సర్కారు ఇయ్యలేదు.

తమ్ముడు నెలకు 12 వేలు పంపిండు. మొదటి ఏడాదంత అప్పుకే సరిపోయింది. తర్వాత ఇంటికి స్లాబు పడ్డది. అవ్వ పటేలు పొలానికి పోవుడు బందువెట్టింది. నాట్లకు మనుషులు దొరకక పటేండ్లు కూలి పెంచిండ్రు. ఇది లాభం కాదని నేననను. కాని బిడ్డ పుట్టిన్నాడు వాడు లేడు. ఆ బిడ్డ వాణ్ని ఫోన్ల జూసి గుర్తువట్టింది.

పోవుడు తప్పు కాదు. పోయేటోని మెడకు మిత్తి కట్టుడు తప్పు. ఆ ఖర్చు పనికి పిలిచినోడే పెట్టుకోవాలె.

ఇప్పుడు మా ఊర్ల నాట్లేసేది బిహార్ నుంచి వచ్చిన కూలీలు. మొన్న ఒక పోరణ్ని అడిగిన, "ఎంత సదివినవ్ తమ్మీ?" అని.

"పది ఫెయిల్" అన్నడు.