మా అమ్మకి చెప్పని ఉద్యోగం

కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం ఒక తమ్ముడు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. "అన్నా, నువ్వు బార్‌లో చేస్తావంట కదా, నేనూ రావచ్చా? మనోళ్ళు ఏమనుకుంటరు?" అని. రెండో ప్రశ్నే వాడికి పెద్దదని అర్థమైంది. ఫోన్‌లో రెండు మాటల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. ఇంకొందరికి కూడా పనికొస్తుందేమో.

నేను బార్‌టెండర్ అవుదామని ఇంట్లోంచి బయల్దేరలేదు. డీఎడ్ చేశాను. మా బ్యాచ్‌లో సగం మందికి ఒకటే లెక్క: జీవో నంబర్ 3 ఉంది, ఏజెన్సీలో టీచర్ పోస్టులు మనవే, ఈసారి కాకపోతే వచ్చే డీఎస్సీ. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. అప్పుడు లాక్‌డౌన్. గూడెంలో సిగ్నల్ దొరికే చింతచెట్టు కింద నిలబడి ఆ వార్త చదివాను. ఏడాది పొలం పనికి, మిర్చి ఏరడానికి పోయాను. తర్వాత హైదరాబాద్‌లో హోటల్ సర్వీస్ ట్రైనింగ్ ఉందని సీనియర్ ఒకాయన చెబితే, ఫ్రీ, భోజనం కూడా పెడతారు అన్న మాటకి వెళ్ళిపోయాను.

ట్రైనింగ్ అయ్యాక రెస్టారెంట్‌లో వేస్తారనుకున్నా. బార్‌లో వేశారు. ఇంట్లో "హోటల్ పని" అని మాత్రమే చెప్పాను. ఆరు నెలలు దాచాను.

ఎందుకు దాచానంటే మా నాయన తాగి తాగి లివర్ పోయి చనిపోయాడు. ఇప్పసారా, కల్లు మా ఇంట్లో ఎప్పుడూ ఉండేవి. పండగకి, చావుకి, పెళ్ళికి మొదటి చుక్క భూమికి, పెద్దలకి పోసి ఆ తర్వాతే మనుషులు తాగేవాళ్ళు. నాయన్ని తిన్నది అది కాదు, కిరాణా కొట్టులో దొరికే బెల్టుషాపు క్వార్టర్లు. పొద్దున లేస్తే అదే. ఆ కొట్టాయన అప్పు రాసుకునేవాడు, ఇప్పపువ్వు, చింతపండు వచ్చే కాలంలో అమ్మ తీర్చేది. నా సంగతి ఎవరో చెప్పేశాక అమ్మ ఫోన్ చేసింది. కోయలో అన్నది, తెలుగులో రాస్తున్నా: "మీ నాయనకి పోసినోళ్ళని నేను తిట్టని రోజు లేదు. ఇప్పుడు నువ్వు పోస్తున్నవా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ పూర్తి జవాబు లేదు. అది పక్కన పెట్టి ముందు పని గురించి చెప్తాను.

సినిమాల్లో సీసాలు గాల్లో ఎగరేసే మనిషి కనపడతాడు చూడండి, అది మర్చిపోండి. మొదటి నాలుగు నెలలు నేను ఒక్క సీసా మూత కూడా తీయలేదు. బార్‌బ్యాక్ అంటారు ఆ పనిని. ఐస్ మొయ్యాలి, బీరు కేసులు మొయ్యాలి, గ్లాసులు కడిగి, ఆవిరి పట్టి, నూలు రాలని గుడ్డతో తుడిచి వెలుతురుకి ఎత్తి చూడాలి. నిమ్మకాయలు కొయ్యాలి, పుదీనా ఏరాలి, పంచదార, నీళ్ళు సమానంగా కలిపి సిరప్ చెయ్యాలి, సీసా మీద తేదీ రాయాలి. మా హెడ్ బార్‌టెండర్ ఒడిశా మనిషి. నేను దాదా అనేవాణ్ణి. మొదటి రోజు ఆయన నా చేతులు తిప్పి చూసి, గోళ్ళు కట్ చేసుకుని రమ్మని వెనక్కి పంపించాడు. అదే నా మొదటి పాఠం.

రెండోది ఐస్. ఐస్‌ని గ్లాసుతో తోడకూడదు, స్కూపుతోనే తియ్యాలి. ఒక శనివారం రాత్రి, జనం మూడు వరసల్లో నిలబడి ఉన్నప్పుడు, తొందరలో నేను గ్లాసుతో తోడాను. అంచు పగిలింది. ఐస్‌లో గాజు ముక్క కనపడదు కదా. దాదా ఒక్క మాట అనకుండా ఎర్ర సిరప్ తీసి ఐస్ మొత్తం మీద పోశాడు, ఇంకెవరూ పొరపాటున వాడకుండా. తర్వాత వేడినీళ్ళు పోసి కరిగించి, తొట్టి తుడిచి, మళ్ళీ కింది నుంచి నాలుగు బకెట్లు నేనే మోశాను. ఆ ఇరవై నిమిషాలు కస్టమర్లు తిట్టింది ఆయన్ని, నన్ను కాదు.

ఇక కొలత. చిన్న పెగ్గు 30 మిల్లీ, పెద్దది 60. కొలిచే పాత్రని జిగ్గర్ అంటారు, డమరుకం లాగా ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్ళు జిగ్గర్ లేకుండా సీసా మూతికి పోరర్ పెట్టి మనసులో లెక్కపెడుతూ పోస్తారు. నాలుగు లెక్కపెడితే 60 మిల్లీ వచ్చేట్టు చెయ్యి కుదరాలి. నేను ఖాళీ సీసాలో నీళ్ళు పోసుకుని, మధ్యాహ్నం బార్ తెరవకముందు రోజూ వంద సార్లు పోసి, కొలిచి చూసుకునేవాణ్ణి. రెండు నెలలు పట్టింది. అయినా ఇప్పటికీ జిగ్గర్‌నే వాడతాను. కస్టమర్‌కి కొలత కళ్ళకి కనపడాలి.

ఎందుకంటే ఒక చోట (పేరు వద్దు) మేనేజర్ నన్ను పిలిచి, రాత్రి పదకొండు దాటాక 30 బదులు 25 పొయ్యమన్నాడు. అప్పటికి తాగినవాడికి తేడా తెలియదంట. లెక్క వేసుకోండి. 750 మిల్లీ సీసాలో 30 చొప్పున 25 పెగ్గులు. 25 చొప్పున పోస్తే 30 పెగ్గులు. సీసాకి ఐదు పెగ్గులు ఉత్తపుణ్యానికి మిగులు. నాకు ఆ క్షణంలో సంత గుర్తొచ్చింది. అమ్మ ఇప్పపువ్వు గంప దించితే సాహుకారు కాటా మీద వేలు పెట్టేవాడు. మేం చూస్తూ ఉండేవాళ్ళం, ఏమీ అనలేకపోయేవాళ్ళం. ఇట్లాంటి వ్యాపారుల నుంచి కాపాడాలనే కదా 1956లో జీసీసీ పెట్టింది. ఇప్పుడు ఆ వేలు నన్ను పెట్టమంటున్నారు. నేను ఆ మేనేజర్‌తో గొడవ పడలేదు, అంత ధైర్యం లేదు. పదకొండు తర్వాత కూడా 30 పోస్తూనే ఉన్నాను. సీసాల లెక్కలో దొరికిపోయాను. పని పోయింది, చివరి నెల జీతం రాలేదు. రూమ్ అద్దె కట్టడానికి పాత ఫోన్ అమ్మాను. పెద్ద గొప్పగా చెప్పడం లేదు, ఇంకో చోట పని దొరుకుతుందని తెలుసు కాబట్టి చేశాను. తెలియకపోతే చేసేవాణ్ణో లేదో.

కలపడం గురించి నేర్చుకోవాల్సింది చాలా ఉంది, కానీ మొదటి సూత్రం తేలిక. నిమ్మరసం, పాలు, గుడ్డు లాంటివి ఉంటే షేకర్‌లో కొట్టాలి, పది పన్నెండు సెకన్లు గట్టిగా. అంతా మద్యమే అయితే స్పూనుతో నెమ్మదిగా తిప్పాలి. విస్కీ సోర్ తీసుకోండి: 60 విస్కీ, 30 నిమ్మరసం, 20 సిరప్. ఇది కుదిరితే ఇంకో పది వాటంతట అవే కుదురుతాయి, ఎందుకంటే సగం డ్రింకులు ఈ పులుపు-తీపి లెక్క మీదే నడుస్తాయి. మన నిమ్మకాయ పులుపు కాలాన్ని బట్టి మారుతుంది, కాబట్టి రోజూ చుక్క నాలుక మీద వేసుకుని చూడాలి. స్ట్రా ముంచి, పైన వేలు మూసి, ఒక్క చుక్క. అంతే, గుటక కాదు. డ్యూటీలో తాగడం మొదలుపెట్టిన ఇద్దరిని చూశాను. ఇద్దరూ నాకన్నా బాగా చేసేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరూ ఈ పనిలో లేరు.

ఇంగ్లిష్ గురించి భయపడకండి. నాకు వచ్చిన ఇంగ్లిష్ మొదట్లో యాభై మాటలు. మనకి ఇంకొకటి వచ్చు, అది పట్నంవాళ్ళకి తక్కువ: చెట్టు పేరు, మనిషి పేరు మర్చిపోకపోవడం. రెండోసారి వచ్చిన మనిషిని పేరుతో పలకరించి, పోయినసారి ఐస్ తక్కువ అడిగాడని గుర్తుపెట్టుకుంటే చాలు, మూడోసారి నీ కౌంటర్ దగ్గరికే వస్తాడు. "మీది ఏ ఊరు, ఏమిట్లు" అని అడుగుతారు. ఏజెన్సీ అంటే "ఓ, అడవిలోనా" అని నవ్వుతారు. మొదట్లో ఊరు మార్చి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పేస్తాను.

అది మారింది గోవాలో. 2023లో ఒక సీజన్ అక్కడ చేశాను. జీడిమామిడి పళ్ళ కాలంలో నాతో పనిచేసే అతను వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. పళ్ళు తొక్కి, రసం పులియబెట్టి, కుండలో కాస్తున్నారు. మొదటిసారి దించింది ఉర్రాక్, మళ్ళీ కాస్తే ఫెనీ. నాకు నవ్వొచ్చింది. పళ్ళ బదులు ఇప్పపువ్వు పెడితే మా ఇంటి వెనక జరిగేది అదే. అమ్మ ఎండబెట్టిన పువ్వు నానబెట్టి, పులిశాక పొయ్యి మీదకెక్కించి, పై కుండలో నీళ్ళు వేడెక్కినప్పుడల్లా మార్చేది. మొదటి ధార నిప్పు మీద చల్లి చూసేది, భగ్గుమంటే బాగున్నట్టు. గోవా ఫెనీకి 2009లో జీఐ గుర్తింపు వచ్చింది. 2016లో అక్కడి ప్రభుత్వం దాన్ని హెరిటేజ్ స్పిరిట్ అన్నది. మా కౌంటర్ మీద ఇప్పసారా సీసా కూడా ఉండేది, గోవా కంపెనీదే, లేబుల్‌తో, లైసెన్సుతో. నేను దానికి తేనె, నిమ్మరసం కలిపి ఇచ్చేవాణ్ణి. గ్లాసు 500. నాలుగు గ్లాసులు అంటే మా అమ్మ నెల పింఛను.

ఆ మార్చిలోనే ఇంటి నుంచి ఫోన్. గూడెం మీద దాడి చేసి కుండలు పగలగొట్టారు. అమ్మనీ ఇంకో నలుగురు ఆడవాళ్ళనీ తహసీల్దార్ ముందు బైండోవర్ చేశారు, మళ్ళీ కాయమని పూచీ రాయించుకున్నారు. అది భూమి పండగకి కాసిన సారా. నేను ఆ రాత్రి డ్యూటీలో అదే ఇప్పసారా కొలుస్తున్నాను, చెయ్యి వణికింది. దాన్ని ఇక్కడ ఎక్కువ రాయలేను.

కానీ మీరు చదువుకుంటున్నారు కాబట్టి రెండు సంగతులు. 1879 రంప తిరుగుబాటుకి ఒక ముఖ్య కారణం కల్లు మీద వేసిన పన్ను, ఆంక్షలు. కోయలు, కొండరెడ్లు సొంతానికి గీసుకునే చెట్టుకి కూడా కట్టమన్నారు. రెండోది, 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే, నిషేధించే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకి, పంచాయితీకి ఉండాలంటుంది. మా గూడెంలో అది కుండ మీదా పనిచెయ్యలేదు, బెల్టుషాపు మీదా పనిచెయ్యలేదు. మధ్యప్రదేశ్‌లో 2021లో ఇప్పసారాని హెరిటేజ్ లిక్కర్‌గా చేస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. అక్కడ లాభం ఆదివాసీలకి ఎంత చేరుతుందో చూడాలి. మన దగ్గర ఎవరైనా ఎల్‌ఎల్‌బీ చదివేవాళ్ళు ఉంటే దీని మీద పనిచెయ్యండి, నేను తోడుంటాను.

ఇక ఆపడం. ఈ పనిలో కష్టమైంది అదే, ఏ ట్రైనింగ్‌లోనూ సరిగా చెప్పరు. మనిషి మాట సాగదీస్తున్నాడా, డబ్బులు రెండుసార్లు లెక్కపెడుతున్నాడా, పక్కవాళ్ళ మీద ఒరుగుతున్నాడా చూసుకుంటూ ఉండాలి. ముందు అడగకుండానే నీళ్ళు పెట్టాలి. తినడానికి ఏదైనా పెట్టించాలి. తర్వాతి ఆర్డర్ కొంచెం ఆలస్యం చెయ్యాలి. అప్పటికీ వినకపోతే చెప్పాలి, అందరిలో కాదు, దగ్గరికి వంగి నెమ్మదిగా: సార్, ఈ రాత్రికి చాలు, క్యాబ్ పిలుస్తాను. ఒకాయన కారు తాళాలు కౌంటర్ మీద కొట్టి, నా కులం తెలియకుండానే నోటికొచ్చిన కులాలన్నీ తిట్టాడు. మేనేజర్ కూడా పొయ్యమని సైగ చేశాడు, బిల్లు పెద్దది. నేను పొయ్యలేదు. సెక్యూరిటీ అన్న క్యాబ్ ఎక్కించాడు. ఆయన మళ్ళీ రాలేదు. ఆ కస్టమర్ పోయినందుకు నా టిప్ వాటాలో ఆ వారం కోత పెట్టారు.

దీపావళికి ఇంటికి పోయినప్పుడు ఇది అమ్మకి చెప్పాను. అమ్మ చాలాసేపు పొయ్యిలో కట్టెలు సర్దింది. "మీ నాయనకి అట్ల ఒక్కడు చెప్పుంటే" అని ఆగిపోయింది. నన్ను మెచ్చుకున్నట్టు కాదు. పని మానెయ్యమని మాత్రం తర్వాత అనలేదు. ఊళ్ళో అడిగినవాళ్ళకి మాత్రం ఇంకా "హోటల్" అనే చెప్తుంది.

చెల్లెళ్ళు కూడా అడుగుతారని తెలుసు. గోవాలో నాకు షేకర్ పట్టుకోవడం సరిచేసింది ఈశాన్యం నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఢిల్లీలో ఆడవాళ్ళు బార్‌లో పనిచెయ్యకూడదని ఉన్న పాత రూలు చెల్లదని సుప్రీంకోర్టు 2007లోనే తేల్చింది. కానీ రాత్రి ఒంటిగంటకి ఇంటికి దింపే బండి ఉందా అన్నది చేరేముందు అడగండి. లేకపోతే చేరకండి.

తమ్ముడూ, నీకు: 21 నిండాక రా, అప్పటిదాకా రెస్టారెంట్ సర్వీస్ నేర్చుకో. కేంద్ర టూరిజం శాఖ "హునర్ సే రోజ్‌గార్ తక్" కింద ఫ్రీ కోర్సులు నడుస్తుంటాయి, హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్లలో అడుగు. ఐటీడీఏలో కూడా అడుగు. మొదటి జీతం పన్నెండు వేలు దాటదు, భోజనం పెడతారు, నిలబడి నిలబడి కాళ్ళు వాస్తాయి. ఇంట్లో నాలాగా దాచకు, మొదటి రోజే చెప్పు. తాగే అలవాటు ఇప్పటికే ఉంటే మాత్రం ఈ పనికి రావద్దు, కోపం తెచ్చుకోకు. ఆధార్, పది మెమో, కులం సర్టిఫికెట్ జిరాక్సులు తెచ్చుకో. నల్లబూట్లు కొనకు, నా పాత జత ఉంది. సైజు ఎనిమిది. సరిపోతుందేమో చెప్పు.