నిదానం

‘నిదానం’ అనే మాటకు సంస్కృతంలో మూలకారణమని అర్థం. ఆయుర్వేదంలో అది రోగకారణాన్నీ, రోగనిర్ణయాన్నీ తెలిపే పారిభాషిక పదమైంది. తెలుగువారి వాడుకలో దానికి ఓర్పు, తొందర లేకపోవడం అనే అర్థం స్థిరపడింది. ‘నిదానించి చూడడం’ అంటే పరిశీలనగా చూడడం. కారణం, పరిశీలన, ఓర్పు అనే ఈ మూడు భావాలకు గల సంబంధం నాకు నిఘంటువులలో కంటె నెక్కొండలో ఒక లారీ ముందు నిలబడినప్పుడు స్పష్టంగా తెలిసింది.

నెక్కొండ వరంగల్లు ప్రాంతంలో, కాజీపేట - విజయవాడ రైలుమార్గం మీద ఉన్న ఊరు. చుట్టుపక్కల పత్తి, మొక్కజొన్న, మిరప పండుతాయి. ఎండలు ముదిరే నాటికి మిరప బస్తాలు లారీలకెక్కి వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టుకు బయలుదేరుతాయి. మా చిన్నాన్న కుమారునికి ఒక పాత లారీ ఉంది. అప్పు వాయిదాలు, డ్రైవరు జీతం, ఇద్దరు పిల్లల చదువు ఆ చక్రాల మీదనే నడుస్తాయి. ఒక వేసవిలో ఆ లారీ ఇంజను విపరీతంగా వేడెక్కసాగింది. ఖాళీగా వెళ్లేటప్పుడు బాగానే ఉండేది. బస్తాలు నింపుకొని కొంతదూరం పోగానే ఉష్ణోగ్రతను చూపే ముల్లు ఎర్రగీతను తాకేది. ఇంజను హెడ్డు విప్పక తప్పదని ఒక మెకానిక్కు చెప్పాడు. దానికయ్యే ఖర్చు ఆ వేసవి రాబడినంతా మింగివేస్తుంది. థర్మోస్టాటు తీసి పారవేస్తే చాలునని మరొకరు సలహా ఇచ్చారు. ఏమి చేయాలో తోచక తమ్ముడు లారీని ఇంటికి తెచ్చి వాకిట్లో నిలిపాడు.

ఇంజను ఎందుకు వేడెక్కుతుంది అనే ప్రశ్న కంటె, అది ఎందుకు కరిగిపోవడం లేదు అనే ప్రశ్న మొదట వేసుకోదగినది. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజనుకు నిప్పురవ్వ అవసరం లేదు. గాలిని గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది. ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. సిలిండరులోని మంట వేడి 2000 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉండగలదు. ఇనుము 1538 డిగ్రీల వద్దనే కరుగుతుంది. అయినా ఇంజను నిలబడుతున్నదంటే, దాని గోడల చుట్టూ నిరంతరం ప్రవహించే నీరే కారణం. పాత డీజిల్ ఇంజనులో ఇంధనశక్తిలో స్థూలంగా మూడోవంతు బండిని నడుపుతుంది. మరో మూడోవంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన దానిలో అధికభాగాన్ని ఈ నీరే మోసుకుపోవాలి. పంపు నీటిని ఇంజనులోనికి నెడుతుంది. నీరు తగినంత వేడెక్కినాక థర్మోస్టాటు అనే కవాటం తెరుచుకుంటుంది. వేడినీరు పై గొట్టం ద్వారా రేడియేటరును చేరి, సన్నని నాళాలలో పారుతూ గాలికి చల్లబడి, కింది గొట్టం ద్వారా తిరిగి ఇంజనులోనికి వస్తుంది. ఈ ప్రయాణంలో ఎక్కడ అడ్డంకి కలిగినా ముల్లు పైకి లేస్తుంది. కాబట్టి వేడి రోగం కాదు, రోగలక్షణం మాత్రమే.

లారీ వాకిట్లో ఆగగానే తమ్ముడు రేడియేటరు మూత తీయబోయాడు. నాలుగు దశాబ్దాలు లారీలు నడిపిన ఒక పెద్దాయన మా వాడకట్టులోనే ఉంటాడు. ఆయన వచ్చి తమ్ముని చేయి పట్టుకున్నాడు. “ఆగు బిడ్డా, మూత ముట్టకు. చల్లారనియ్యి. పొద్దుగాల చూద్దాం” అన్నాడు.

ఆ మాటలో గొప్ప శాస్త్రజ్ఞానం ఉంది. మూత బిగించి ఉన్నందువల్ల రేడియేటరులో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగినప్పుడు నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణమే ఆ నీరు భగ్గున ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. అలా ఒళ్లు కాల్చుకున్నవారు ఎందరో. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోసినా ప్రమాదమే, హెడ్డు పగిలిపోవచ్చు. చల్లారేవరకు వేచి ఉండడం ఇక్కడ ప్రాణరక్షణ.

మరునాటి ఉదయం పరీక్ష మొదలైంది. అది చూస్తుండగా నాకు మాధవకరుని ‘రోగవినిశ్చయం’ జ్ఞాపకం వచ్చింది. ‘మాధవ నిదానం’గా ప్రసిద్ధమైన ఆ గ్రంథం రోగాన్ని తెలుసుకొనే మార్గాలను ఐదుగా చెబుతుంది. రోగకారణం నిదానం, రోగం రాకముందే కనిపించే చిహ్నాలు పూర్వరూపం, ప్రకటమైన లక్షణాలు రూపం, దేనివల్ల ఉపశమనం కలుగుతుందో చూడడం ఉపశయం, రోగం పెరిగిన క్రమం సంప్రాప్తి. పెద్దాయన ఆ గ్రంథం పేరు విని ఉండడు. అయినా ఆయన అడిగిన ప్రశ్నలన్నీ ఆ ఐదింటిలో ఒదిగిపోయాయి. “ముల్లు మొదలు ఎప్పుడు లేచింది? రోజూ నీళ్లు తక్కువైతున్నయా? ఖాళీ బండికి వేడి వస్తదా, బరువుకే వస్తదా? ఏ నీళ్లు పోస్తున్నవ్?”

ప్రశ్నల తరువాత ఆయన తక్కువ శ్రమతో, ఖర్చు లేకుండా చూడగలిగినవాటినే ముందు చూశాడు. చల్లారిన రేడియేటరులో నీటిమట్టం చూశాడు, సరిగానే ఉంది. గొట్టాల కింద తడి లేదు. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కాడు, వదులుగా లేదు. రేడియేటరు రేకుల నడుమ పత్తి నూగు, మొక్కజొన్న పొట్టు కొంత చిక్కుకొని ఉంటే కుంచెతో దులిపాడు. ఇంజను ఆయిలు కొలిచే కడ్డీని తీసి చూశాడు. నీరు కలిస్తే ఆయిలు పాలవలె తెల్లబారుతుంది. ఇది నల్లగానే ఉంది. తరువాత మెడలోని తువ్వాలు తీసి పక్కన పెట్టి, మూత తెరిచి ఉంచి, చల్లని ఇంజనును నడిపించాడు. ఫ్యాను దగ్గర వేలాడే బట్ట ఎంత ప్రమాదకరమో ఆయనకు తెలుసు. హెడ్డు కింది గాస్కెటు చెడితే సిలిండరులోని వాయువు నీటిలోనికి చొరబడి బుడగలు వరుసగా పొంగుతాయి. ఇక్కడ నీరు నిలకడగా ఉంది.

పొగగొట్టం వైపు కూడా చూశాడు. అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో, కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం అనుమాన ప్రమాణానికి ఉదాహరణ. అయితే ఆవిరిని చూసి పొగ అనుకుంటే ఆ ఊహ తప్పుతుందని తార్కికులు హెచ్చరించారు. లారీ విషయంలో ఈ భేదం మరీ ముఖ్యం. నల్లని పొగ పూర్తిగా మండని ఇంధనానికీ, నీలిపొగ మండుతున్న ఇంజను ఆయిలుకూ గుర్తు. వేడెక్కిన ఇంజను ఆగకుండా వెలువరించే తెల్లని ఆవిరి, సిలిండరులోనికి చేరుతున్న నీటికి గుర్తు కావచ్చు. ఈ లారీ అటువంటి ఆవిరిని విడవలేదు. హెడ్డు విప్పడానికి ఒక్క సాక్ష్యమూ దొరకలేదు.

మిగిలినది థర్మోస్టాటు. దానిని విప్పి, మా మరదలు ఇచ్చిన గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి పొయ్యి మీద పెట్టారు. నీరు మరుగుకు రాకముందే కవాటం చక్కగా తెరుచుకుంది. దోషం లేని దానిని పారవేయమన్న సలహా అక్కడితో తేలిపోయింది. అసలు ఆ కవాటం లేకపోతే ఇంజను తగిన వేడిని అందుకోక త్వరగా అరిగిపోతుంది. కొన్ని ఇంజనులలోనైతే నీరు రేడియేటరుకు పోకుండా దగ్గరిదారిన తిరిగి వచ్చి వేడి ఇంకా పెరుగుతుంది.

థర్మోస్టాటును మళ్లీ బిగించి, మూత పెట్టి, ఇంజనును వేడెక్కేవరకు నడిపి ఆపారు. పెద్దాయన అరచేతిని రేడియేటరుకు తగలకుండా దగ్గరగా ఉంచి మెల్లగా జరిపాడు. నడుమ సెగ కొడుతున్నది. రెండు పక్కలా చల్లగా ఉంది. “అంచుల గొట్టాలల్ల నీళ్లు పోతలేవు బిడ్డా. బోరునీళ్లు పోసినవు గద” అన్నాడు. బోరునీటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి, నీళ్లు కాచే గిన్నె అడుగున వలె, నాళాల లోపల తెల్లని పొరగా పేరుకుంటాయి. ఆ పొర వేడిని సరిగా దాటనివ్వదు. క్రమంగా దారినే మూసివేస్తుంది. ఖాళీ బండికి మిగిలిన నాళాలు చాలేవి, బరువెక్కినప్పుడు చాలలేదు. లక్షణాలన్నీ ఒక్క కారణంతో కలిశాయి.

రేడియేటరును మాత్రమే విప్పి వరంగల్లులో నాళాలు శుభ్రం చేయించారు. బోరునీటికి బదులు శుద్ధజలం, కూలెంటు తగిన పాళ్లలో కలిపి పోశారు. కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. అందుకే ఒలికిన చుక్కలను కూడా పెద్దాయన కడిగించాడు. వాకిట్లో దూడ కట్టేసి ఉంది. ఆ వారంలోనే లారీ నిండు బరువుతో ఎనుమాములకు వెళ్లింది. ముల్లు నడిమి గీత దాటలేదు.

విద్యార్థులారా! మార్కులు తగ్గిన పిల్లవానిని వెంటనే సోమరి అనడం, చూడకుండానే హెడ్డు విప్పమనడం వంటిదే. వానికి నల్లబల్ల మీది అక్షరాలు కనిపిస్తున్నాయా? ఇంటిపనితో అలసిపోతున్నాడా? ఏ తరగతిలో ఏ పాఠం అర్థం కాక మిగిలిపోయింది? ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు. మీ విషయంలో మీరు కూడా ఇవే ప్రశ్నలు వేసుకోవచ్చు. ‘నిదానమే ప్రధానం’ అనే మాటను మనం వేగం తగ్గించమనే హెచ్చరికగా మాత్రమే చదువుతుంటాము. మూలకారణం తెలిసేవరకు చేతిని ఆపి, చూపును సాగించమని కూడా ఆ మాట మనకు చెబుతున్నది.