కుల్లీ నీళ్లు ఒక పక్కకు కారిన రోజు

అసర్ నమాజుకు వుజూ చేస్తుంటే అమ్మీ నోట్లోని కుల్లీ నీళ్లు కుడి మూల నుంచి కారి దుపట్టా తడిసింది. "దాదీకి కుల్లీ చేయడం కూడా రావట్లే" అని మా భాయి కూతురు నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మీ కూడా నవ్వింది. ఆ నవ్వులో పెదవి ఒక పక్కే లేచింది. అప్పుడు చూడలేదా అంటే, చూశాను. సమజ్ కాలేదు.

అది రంజాన్ రెండో అష్రా. ఏప్రిల్ ఎండలు. నేను పిల్లల్ని తీసుకుని మాయికాకు వచ్చాను. అమ్మీకి అరవై రెండేళ్లు. బీపీ ఉంది, షుగర్ ఉంది. అయినా ఒక్క రోజా వదలదు. "బీమార్ ఉన్నోళ్లు తర్వాత ఖజా చేసుకోవచ్చు కదా అమ్మీ" అంటే, "నేను బీమార్ అని ఎవరన్నారే నీకు?" అనేది. పొద్దున వేసుకునే బీపీ గోలీ రంజాన్‌లో ఎప్పుడు వేసుకోవాలో మాలో ఎవరమూ డాక్టర్‌ను అడగలేదు. గుర్తుంటే సహ్రీకి వేసుకునేది, లేకపోతే లేదు.

ఆ ముందు రోజు జొహర్ తర్వాత తిలావత్ చేస్తూ మధ్యలో ఆగిపోయిందట. ఎడమ కంటి మీద పైనుంచి కిందికి నల్లటి పర్దా దిగినట్టు ఉందని భాభీతో అన్నది. నొప్పి లేదు. ఐదు నిమిషాల్లో అదే పోయింది. ఐనక్ తుడుచుకుని మళ్లీ చదువుకుంది. ఈద్ అయ్యాక ఐనక్ నంబర్ మార్పిద్దాం అనుకున్నాం.

కుల్లీ నీళ్లు కారిన రోజు, నమాజు తర్వాత కుడి చేతిలోంచి తస్బీహ్ జారి పడింది. తీసిచ్చాను, మళ్లీ పడింది. "హాత్ సో గయా" అన్నది. ఇఫ్తార్‌కు దస్తర్‌ఖాన్ పరుస్తుంటే ఖజూర్ల ప్లేటు చూపించి "ఓ చప్పల్ ఇధర్ దే" అన్నది. పిల్లలు పడి పడి నవ్వారు. "అమ్మీకి రోజా లగ్ గయా" అన్నది భాభీ. పక్కింటి ఖాలా నజర్ అన్నది, ఎండు మిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఇంతలో మగ్రిబ్ అజాన్ అయింది. ఖజూర్ తిని, రూహ్ అఫ్జా తాగేసరికి అమ్మీ మాట సాఫ్‌గా వచ్చింది. చెయ్యి కూడా ఆడింది. "షుకర్ అల్లా, ఠీక్ హో గయీ" అనుకున్నాం. తరావీహ్ కూర్చుని చదువుకుంది. పదకొండింటికి పడుకుంది.

మూడుంబావుకు సహ్రీకి లేపబోతే కళ్లు తెరిచే ఉంది. నన్ను చూసింది. నోరు కదిలింది, మాట రాలేదు. కుడి చెయ్యి ఎవరిదో తెచ్చి పక్క మీద పెట్టినట్టు పడి ఉంది.

ఆ తర్వాత కూడా మేం టైం పాడు చేశాం. తేనె నీళ్లు తాగిద్దామని ఒకరు. లఖ్వాకు జంగ్లీ కబూతర్ రక్తం రాస్తే పోతుందని ఇంకొకరు. దగ్గర్లోని నర్సింగ్ హోంకు పోతే స్కాన్ లేదు, వరంగల్ పోండి అన్నారు. అక్కడికి చేరేసరికి ఆరు దాటింది.

డాక్టరమ్మ మొదట అడిగింది ఒక్కటే. "ఆమెను ఆఖరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు?" రాత్రి పదకొండింటికి అన్నాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. మెదడులో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. నిద్రలో వస్తే, లేచిన టైం లెక్క కాదట, ఆఖరిసారి బాగా ఉన్న టైమే లెక్కట. మాకు ఏడు గంటలు దాటిపోయాయి.

"ముందు ఏమైనా అయిందా?" అని అడిగింది. కంటి పర్దా, కుల్లీ, తస్బీహ్, చప్పల్, అన్నీ చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టి మెడ దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఎడమ పక్క పెద్ద రక్తనాళం సన్నబడిపోయింది. దానిలోంచి చిన్న చిన్న ముక్కలు ఊడి, ఒకటి ఎడమ కంటికి, ఒకటి ఎడమ మెదడుకు పోయాయి. కుడి చెయ్యి, కుడి పక్క ముఖం, మాట, ఇవన్నీ ఎడమ మెదడు చూసుకునేవే. ఆ ముక్కలు వాటంతట అవే కరిగితే అంతా మామూలైపోతుంది. టీఐఏ అంటారట. "తగ్గిపోయింది అనుకుంటారు అందరూ. అసలు భయపడాల్సింది అప్పుడే. ఎక్కువ ఖత్రా మొదటి రెండు రోజుల్లోనే" అన్నది. నిన్న సాయంత్రమే తెచ్చి ఉంటే అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేసింది.

ఇది చదివే బెహన్లకు, భాయిలకు నేను చెప్పేది ఇదే. పక్షవాతం అంటే మనిషి ధడామని పడిపోవడం అని మనకు ఒక బొమ్మ ఉంది. మా ఇంటికి అది నవ్వు తెప్పించే వేషంలో వచ్చింది. కొందరికి అచానక్‌గా తల గిర్రున తిరిగి, వాంతులై, నాలుగు అడుగులు వేయలేకపోతారు. గ్యాస్ అనుకుంటాం. కొందరికి ఒకటి రెండుగా కనిపిస్తుంది. కొందరికి ఎన్నడూ లేనంత తలనొప్పి. కొందరు తెలిసిన ఇంట్లోనే తికమక పడతారు. ఒక్కోసారి తల తిరగడంతో పాటు ఆగని ఎక్కిళ్లు కూడా. గుర్తుపెట్టుకోవాల్సిన లఫ్జ్ "అచానక్". ఉన్నట్టుండి వచ్చిందంటే, పోయినా సరే, ఆసుపత్రికి పోవాల్సిందే. రోజాలో షుగర్ పడిపోయినా ఇలాగే ఉండొచ్చు. అదీ ఇంట్లో కూర్చునే పని కాదు.

నవ్వమనండి. రెండు చేతులూ దువాకు ఎత్తినట్టు ఎత్తమనండి, ఒకటి కిందికి జారుతుందేమో చూడండి. ఒక మాట చెప్పి తిరిగి చెప్పమనండి. తేడా ఉంటే గడియారం చూసి టైం రాసుకోండి, 108కి ఫోన్ చేయండి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోండి. నోట్లో నీళ్లు, జమ్‌జమ్, గోలీ ఏదీ వేయొద్దు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుండెకు ఇచ్చే ఆస్ప్రిన్ కూడా సొంతంగా వద్దు. గడ్డ అడ్డుపడిందో, రక్తం కారిందో స్కాన్ చేస్తేనే తెలుస్తుంది. నాలుగున్నర గంటలు దాటాయని ఆగిపోవద్దు. పెద్ద ఆసుపత్రుల్లో కొందరికి 24 గంటల దాకా తీగతో గడ్డను బయటికి లాగుతారు. దువా చేయండి, దమ్ చేయించండి, కానీ బండిలో కూర్చున్నాక. ఇలాజ్ చేయించడం కూడా దీన్‌లో భాగమే.

అమ్మీ మొహల్లా ఆడపిల్లలకు ముప్పై ఏళ్లు ఖైదా చెప్పింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని నమాజు చదువుతుంది. మాటలు కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. "నక్కో" మాత్రం బాగా అంటుంది. మనవరాలు రోజూ ఫజర్‌కు ఆమె వుజూ దగ్గర నిలబడుతుంది. "దాదీ, కుల్లీ దిఖావ్" అంటుంది. నీళ్లు తిన్నగా పడ్డాయా చూస్తుంది. ఇప్పుడు నవ్వదు. చూసి, వచ్చి మాకు చెబుతుంది.