చక్రాల ఇంట్లో మా వారి ఫోటో

మా బరంపురం నుంచి అమెరికాలో ఉన్న అమ్మాయి దగ్గరకు బయలుదేరేటప్పుడు పెట్టెలో రెండు వస్తువులు జాగ్రత్తగా సర్దుకున్నాను. ఒకటి కాలం చేసిన మా వారి ఫోటో, అద్దంతో సహా. రెండోది జగన్నాథస్వామి పటచిత్రం.

పిల్లలుండేది అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో. అక్టోబరులో గ్రాండ్ కాన్యన్ చూపిస్తామని ట్రైలర్ సిద్ధం చేశారు. ట్రైలరంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. పొయ్యి, పడకలు అన్నీ అందులోనే.

"ఆ లోయ చూడాలని మీ నాన్నగారికి ఎంతో ఉండేది. ఆయన ఫోటో మంచం తలవైపు తగిలించండి" అన్నాను అమ్మాయితో.

అల్లుడు మేకు కొట్టనన్నాడు. "ఇది ఇటుక గోడ కాదు అత్తయ్యగారూ! పల్చటి చెక్క. వెనక కరెంటు తీగలుంటాయి. దారి కుదుపులకు అద్దం ఊడిందంటే ముక్కలన్నీ పడక మీదే."

నా మనసు చివుక్కుమంది. రాత్రంతా ఆలోచించి, తెల్లారాక నేనే ఫ్రేము విప్పి అద్దం తీసేశాను. అట్టతో ఉన్న ఫోటో చేతికి బరువే తెలియలేదు.

అల్లుడు పడకకు ఎదురు గోడను స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చాడు. ఒకదానికొకటి పట్టుకునే జిగురు పట్టీలు నాలుగు మూలలా అంటించి, ఒక్కొక్కటి అర నిమిషం అదిమాడు. గంట ఆగాకే ఫోటో పెట్టనిచ్చాడు. పైమూలలకే అంటిస్తే కింది భాగం ఊగి పట్టు వదులుతుందట. వేసవిలో మూసిన ట్రైలర్ కాగిపోయి జిగురు సడలుతుంది కనుక అప్పుడు తీసి దాచాలట. పటచిత్రం మాత్రం దారిలో చుట్టి ఉంచి, బండి ఆగాకే పొయ్యికి దూరంగా వేలాడదీశాం.

ఫీనిక్స్ నుంచి సుమారు 370 కిలోమీటర్లు. మేమంతా కార్లోనే కూర్చున్నాం. నా ప్రాణం మాత్రం వెనక ట్రైలర్‌లో ఉంది. దిగీ దిగగానే తలుపు తీశాను. అరమీద మరచిపోయిన స్టీలు గ్లాసు నా తలగడ మీద పడి ఉంది! ఆయన మాత్రం గోడ మీద చెక్కుచెదరలేదు.

మర్నాడు సూర్యోదయానికి ముందే ఫోటో పట్టీల నుంచి విడదీసి, కొంగు చాటున పెట్టుకుని లోయ అంచుకు నడిచాను. కిలోమీటరున్నర పైచిలుకు లోతు. ఎర్రటి రాళ్ల మీద ఎండ దిగుతుంటే ఆయన్ని అటు తిప్పి పట్టుకున్నాను. ఆ బరువు అద్దంతోనైతే అంతదూరం మోయగలిగేదాన్ని కాదు.

బరంపురం వచ్చాక అద్దం మళ్లీ బిగించి మేకుకే తగిలించాను. ఇక్కడి గోడ కదలదు కదా!