జట్టు బలము

మదనపల్లెకు ఉత్తరమున గుర్రంకొండ దుర్గము కలదు. నిట్టనిలువు రాతికొండపై కట్టిన ఈ కోటను గూర్చి ఒక కథ జనుల నోట వినవచ్చుచుండును. పూర్వము ఆ కొండపై కోటకు కాపుగా ఒక గుర్రము ఉండెడిదట. అది అక్కడ ఉన్నంతకాలము ఎట్టి శత్రువును ఆ కోటను పట్టజాలడని ప్రజలు నమ్మిరట. కథ నిజమైనను కాకున్నను, అందొక ప్రశ్న దాగియున్నది. రక్షణ భారమంతయు ఒక్క ప్రాణిపై నిలిచినచో, అది లేనినాడు కోట గతి యేమి?

ఈ ప్రశ్న క్రీడలలోని జట్లకును వర్తించును. 1882లో జపానుదేశమున జిగోరో కానో నెలకొల్పిన జూడో విద్యలో ఇద్దరే ఎదురెదురుగా తలపడుదురు. అయినను అందును జట్టు పోటీలు కలవు. ప్రపంచ పురుషుల జట్టు పోటీలలో ఒక్కొక్క జట్టు నుండి ఐదుగురు, తమ తమ బరువునకు తగిన ప్రత్యర్థులతో వరుసగా పోరాడెడివారు. 2017 నుండి స్త్రీ పురుషులు కలిసిన జట్లు వారి స్థానమున దిగుచున్నవి. బ్యాడ్మింటను ఆటలో పురుషుల జట్లకై ఏర్పడిన థామస్ కప్పు పోటీయు ఇట్టిదే. అందు మూడు సింగిల్సు, రెండు డబుల్సు ఆటలుండును. మూడింట గెలిచినవారిదే జయము. ఎంతటి మేటి ఆటగాడైనను తన ఆటలో ఒక్క గెలుపునే తేగలడు. తక్కినవి తోటివారు తేవలయును.

2022 మే నెలలో ఈ పోటీ బ్యాంకాక్ నగరమున జరిగెను. భారత జట్టు అంతకు ముందెన్నడును ఫైనలు చేరి యుండలేదు. ఈ జట్టులో గుంటూరు వాసి కిదాంబి శ్రీకాంత్, అమలాపురము బిడ్డ సాత్విక్ సాయిరాజ్, వీరితోపాటు కృష్ణప్రసాద్, విష్ణువర్ధన్ గౌడ్ అను తెలుగు యువకులును ఉండిరి.

క్వార్టర్ ఫైనలులో మలేషియా ఎదురాయెను. మొదటి ఆటలో లక్ష్యసేన్ ఓడెను. సాత్విక్, చిరాగ్ శెట్టి జంటయు, శ్రీకాంతును గెలిచిరి. కృష్ణప్రసాద్, విష్ణువర్ధన్ జంట ఓడుటతో లెక్క సమమాయెను. ఐదవ ఆటలో ప్రణయ్ గెలిచి జట్టును కాపాడెను. సెమీఫైనలులో డెన్మార్కుతోను సరిగా ఇదే వరుస సాగెను. ఈసారి ఐదవ ఆటలో ప్రణయ్ కాలు జారి, చీలమండకు నొప్పి కలిగెను. తొలి గేము 13-21తో పోయెను. అతడు పట్టు విడువక 21-9, 21-12తో తరువాతి రెండింటిని గెలిచెను.

మే 15న ఫైనలు జరిగెను. ఎదుట నిలిచినది 14 మారులు కప్పును గెలిచిన ఇండోనేషియా. వెనుకటి రెండు పోరులలోను ఓడిన లక్ష్యసేనే మొదట బరిలోనికి దిగవలసి వచ్చెను. తొలి గేములో 8-21తో అతడు వెనుకబడెను. రెండుమార్లు ఓడినవాని గుండె అప్పుడు ఎంత బరువెక్కి యుండునో ఊహింపవచ్చును. కాని అతడు క్రుంగక 21-17, 21-16తో ఆటను నిలబెట్టెను. పిమ్మట సాత్విక్, చిరాగ్ జంట ఓటమి అంచు దాక పోయి, 18-21, 23-21, 21-19తో గట్టెక్కెను. మూడవ ఆటలో శ్రీకాంత్ 21-15, 23-21తో జొనాథన్ క్రిస్టీని జయించెను. లెక్క 3-0 ఆయెను. థామస్ కప్పు భారతదేశమునకు తొలిసారి దక్కెను.

రెండుమార్లు జట్టును గట్టెక్కించిన ప్రణయ్‌కు ఆనాడు రాకెట్టు పట్టవలసిన అవసరమే కలుగలేదు. అతని భారమును మొదట మోసినవాడు, అతడు కాపాడిన లక్ష్యసేనే. ఒకడు తడబడిననాడు వేరొకడు నిలిచెను. నిలిచినవానికి విశ్రాంతి కావలసిననాడు తడబడినవాడే లేచి నిలిచెను. ఒక్క గుర్రమును నమ్ముకొన్న కోటకును, ఇట్టి జట్టుకును గల భేదమిదియే.

కృష్ణప్రసాద్, విష్ణువర్ధనుల మాట మరువరాదు. మలేషియాతోను, డెన్మార్కుతోను వారు ఓడిరి. ఫైనలులో మూడవ ఆటతోనే పోరు ముగిసెను. అయినను తొలి ఓటమి తరువాత వారు మరల ధైర్యముతో బరిలోనికి దిగిరి. బంగారు పతకము వారికిని దక్కెను. అది దయతో ఇచ్చినది కాదు, వారి హక్కు. తరగతిలోనైనను, ఊరిలోనైనను పదిమంది కలిసి ఒక పనికి పూనుకొన్నప్పుడు, ఓడినవానిని వేలెత్తి చూపక మరుసటి పోరుకు అతనిని సిద్ధపరచువారే జట్టు అను పేరునకు తగినవారు.