వెన్న గుంటల దారి

సైకిలు తొక్కడం ఒకసారి వస్తే ఇక మరిచిపోమంటారు. ఆ ధైర్యంతోనే నేను మా మేనల్లుడి వెంట బయల్దేరాను. వాడు లీడ్స్‌లో డాక్టరు. సైకిలంటే పిచ్చి. 2023 జూన్ మొదటి వారంలో నేను వాళ్లింటికి వెళ్లేసరికి హాల్లో మనిషి కూర్చోవడానికి సరైన కుర్చీ లేదు గాని, గోడకు రెండు సైకిళ్లు వేలాడుతున్నాయి. అందులో రెండోది నా కోసమేనట!

ఇక్కడ బయల్దేరేముందు మా అక్కయ్య సున్నుండల డబ్బాతోపాటు మరో బరువు కూడా నాకు అప్పగించింది. బావగారు పోయి రెండేళ్లయింది. వూళ్లో ఆ పెద్ద పెంకుటింట్లో ఆవిడ ఒక్కతే వుంటోంది. ఇల్లు కొంటామని ఎవరో వచ్చి అడుగుతున్నారు. "ఫోనులో అడిగితే 'చూద్దాంలే అమ్మా' అంటాడు. నువ్వు ఎదురుగా కూచోబెట్టుకుని అడుగు. వాడు తిరిగొస్తాడా, రాడా? రానంటే ఇల్లు అమ్మేసి అమ్మాయి దగ్గరికి హైదరాబాదు పోతాను" అంది. వారం రోజులైనా నా నోట ఆ మాట రాలేదు.

ఆదివారం తెల్లవారకముందే సైకిళ్లు కారు వెనక కట్టుకుని యార్క్‌షైరు డేల్స్‌లోని హాస్ అనే చిన్న బజారు వూరికి చేరాం. డేల్ అంటే లోయ. ఉత్తర ఇంగ్లండులో ఈ లోయలు ఒక్కొక్కటీ ఒక నదిని ఒళ్లో పెట్టుకుని వుంటాయి. లోయకూ లోయకూ మధ్య చెట్టన్నది లేని నల్లని గడ్డి కొండలు. హాస్ వున్నది వెన్స్‌లీడేల్‌లో. ఆ లోయ పేరుతోనే అక్కడి జున్నుగడ్డ ప్రసిద్ధి. దాన్ని చేయడం పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసులు నేర్పారని చెబుతారు. 1992లో వూళ్లో జున్ను చేసే ఫ్యాక్టరీని మూసేస్తే, అందులో అధికారులుగా పనిచేసినవాళ్లే ఒక స్థానిక వ్యాపారితో కలిసి కొని, ఆ ఏడాదిలోనే మళ్లీ తెరిచారు. మేమూ ఒక ముక్క రుచి చూశాం. మన జున్ను అనుకుని నోట్లో వేసుకున్నవాడు కాస్త ఆశాభంగం చెందక తప్పదు సుమా.

అక్కడి సర్వే పటాల్లో ఒక చక్కని ఏర్పాటుంది. రోడ్డు నిట్రంగా వున్నచోట గీత మీద బాణం గుర్తు వేస్తారు. ఏడడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కితే ఒక బాణం. అయిదడుగులకు ఒకటి కన్నా మించితే రెండు బాణాలు. మొన ఎప్పుడూ పల్లానికే చూస్తుంది. ఎక్కేవాడికి ఎదురొచ్చే బాణమన్నమాట! ఈ దేశంలో సైకిలు యాత్రికుల సంఘం ఒకటి 1878లో ఈ యార్క్‌షైరులోని హారోగేట్‌లోనే పుట్టింది. రోడ్ల మీద మోటార్లు లేని ఆ కాలంలో, ప్రమాదకరమైన కొండల దగ్గర హెచ్చరిక బోర్డులు నాటించినవాళ్లలో ఈ సంఘం వాళ్లు కూడా వున్నారు.

నది దాటగానే బటర్‌టబ్స్ కనుమ ఎక్కుడు మొదలైంది. నేను చదువుకునే రోజుల్లో తొక్కిన సైకిలుకు పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండున్నర చుట్లు దాకా తిరిగేది. బల్లపరుపు నేల మీద అది భాగ్యం. కొండ మీద శాపం. మావాడిచ్చిన దానికి ముందు పళ్లచక్రం 34 పళ్లు, వెనక అన్నిటికన్నా పెద్దదీ 34 పళ్లే. అంచేత పెడలు ఒకసారి తిరిగితే చక్రమూ ఒక్కసారే తిరుగుతుంది. కాళ్లకు బరువు తగ్గుతుంది. కాని దారి తరగదు. "మామయ్యా, పైకి చూడకండి. ముందు చక్రం కేసి చూడండి" అని వాడు చెప్పి ముందుకు పోయాడు. గొర్రెలు రోడ్డు దాటిపోకుండా అక్కడక్కడ గొయ్యి తీసి, దాని మీద ఇనుప కమ్మీలు అడ్డంగా పరిచారు. అలాంటి ఒకదాని దగ్గర చక్రం జారుతుందేమోనన్న భయంతో ఆగబోయి, కాలు ఆనక, గడ్డిలో మెత్తగా పడ్డాను. అరవై దాటిన ఒక ఇంగ్లీషావిడ సైకిలు మీద నన్ను దాటిపోతూ, అది రోజూ జరిగే పనే అన్నంత మామూలుగా "గుడ్ మార్నింగ్" చెప్పింది. లేచి, ఒక ఫర్లాంగు నడిపించుకుంటూ పోయి, మళ్లీ ఎక్కాను. నడిచినందుకు సిగ్గుపడలేదు. ఎక్కడ నడవాలో తెలియడం కూడా నలభై దాటాకే వస్తుంది కాబోలు.

కనుమ శిఖరం 526 మీటర్ల ఎత్తు. 2014 జూలై 5న టూర్ డి ఫ్రాన్స్ పందెం మొదటి రోజు ఈ దారినే సాగింది. కొండంతా జనం కిక్కిరిసిపోయారనీ, తనూ ఆ జనంలో వున్నాననీ మావాడు చెప్పాడు. ఆ రోజున నాకు కనిపించిన జనమంతా నల్లమొహం, తెల్లముక్కు వున్న స్వేల్‌డేల్ గొర్రెలు. నా కేసి పరీక్షాధికారుల్లాగా చూశాయి.

శిఖరం దాటాక రోడ్డు పక్కనే వున్నాయి ఆ గుంటలు. సున్నపురాతిని వాన నీరు కరిగించి, వేల ఏళ్లపాటు తొలిచిన నిలువు బావులు. 60 అడుగుల లోతు దాకా వుంటాయి. పూర్వం హాస్ సంతకు వెన్న మోసుకుపోయే రైతులు ఇక్కడ అలుపు తీర్చుకునేవారట. ఎండకు కరిగిపోకుండా వెన్నను ఈ చల్లని గుంటల్లోకి దించేవారట. ఆ పేరు అలా వచ్చిందంటారు. తొంగి చూస్తే లోపల నాచు, నీటిచుక్క చప్పుడు, ముఖానికి కొట్టే చలి. ఆ చోటే అడుగుదామనుకున్నాను. గాలి హోరుకు మాట వినపడదని నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

దిగుడులో నేను చూసింది బ్రేకులు పట్టుకున్న నా వేళ్లనే. కింద థ్వైట్, అది దాటితే మ్యూకర్. ఇవన్నీ వెయ్యేళ్లనాడు వచ్చి స్థిరపడ్డ నార్వే దేశస్థుల మాటలు. థ్వైట్ అంటే అడవి కొట్టి బాగుచేసిన నేల. మ్యూకర్ అంటే సన్నటి చేను. గన్నర్‌సైడ్ అంటే గన్నర్ అనేవాడి వేసవి పశువుల బీడు. మన పాడు, పూడి, పర్రుల మీద తరగతిలో గంటలకొద్దీ చెప్పే నాకు ఈ పేర్ల దగ్గర కాళ్లనొప్పి కొంచెం మరపుకొచ్చింది.

మ్యూకర్ చుట్టూ గడ్డి మైదానాలు ఆ రోజుల్లో పూలతో పసుపుపచ్చగా వున్నాయి. ప్రతి చేలోనూ ఒక రాతి కొట్టం: పై అరలో ఎండుగడ్డి, కింద చలికాలం ఆవులు. గడ్డి ఎక్కడ కోస్తే అక్కడే దాచి, అక్కడే మేపి, పేడ ఆ చేలోనే చల్లేవారు. మోత బరువు లేదు. చేల మధ్య గోడల్లో సున్నం గాని మట్టి గాని వుండదు. రెండు వరసల రాళ్లు పేర్చి, నడుమ చిల్లరరాయి నింపి, అక్కడక్కడ రెండు వరసలనూ పట్టి వుంచే పొడుగాటి రాయి ఒకటి అడ్డంగా పెడతారు. అవి కొండ మీదికంటా పోతాయి.

మ్యూకర్‌లో గుడి 1580లో కట్టారు. అంతకుముందు ఈ పై వూళ్లవాళ్లు చనిపోతే, పన్నెండు మైళ్లకు పైగా దిగువనున్న గ్రింటన్ గుడికి శవాన్ని భుజాల మీద మోసుకుపోయేవారు. ఆ కాలిబాటకు ఇప్పటికీ శవాల దారి అనే పేరు. గుడి ఎదుట గోడ మీద కూర్చుని, సున్నుండలు తింటూ, ఫ్లాస్కులో టీ తాగుతూ, ఆ కథ విని, ఇక వుండబట్టలేక అడిగేశాను.

"ఒరేయ్, అమ్మ ఇల్లు అమ్మనా, వుంచనా అని అడగమంది."

వాడు టీ గ్లాసు మూత బిగించి, తీసి, మళ్లీ బిగించాడు. "అమ్మొద్దని చెప్పాలనుంది మామయ్యా" అని, ఇంకేమీ అనలేదు.

గన్నర్‌సైడ్ దగ్గర వంతెన మీద ఆగాం. ఈ లోయ ఒకప్పుడు సీసపు గనులతో బతికింది. 1880ల్లో ధర పడిపోయి గనులు మూతపడితే, జనం కుటుంబాలు కుటుంబాలుగా డర్హమ్ బొగ్గుగనులకూ, లాంకషైరు మిల్లులకూ, అమెరికాకూ వెళ్లిపోయారు. కొండమీద పాడుబడ్డ కొలుముల గోడలు ఇంకా నిలబడే వున్నాయి. వాడు వాటిని చూపిస్తూ చెప్పాడు గాని, గొంతు మామూలుగా లేదు. నేనూ రెట్టించలేదు.

గ్రింటన్ బీడు ఎక్కుడులో మాత్రం వాడు ముందుకు పోలేదు. నా పక్కనే, నా నడకతోనే తొక్కాడు. సగం కొండలో, నాకు వూపిరి ఆడక జవాబు చెప్పలేని చోట, అన్నాడు: "వుంచమని చెప్పి నేను రాకపోతే, అమ్మ ఆ ఇంట్లో ఎదురుచూస్తూ కూచుంటుంది. అమ్మేయమనండి." కాస్త ఆగి, "వద్దులెండి, నేనే చెబుతాను" అన్నాడు.

కాసిల్ బోల్టన్‌లో, స్కాట్లండు రాణి మేరీని 1568లో ఆర్నెల్లపాటు బంధించిన కోట వుంది. దాన్ని నిలబడి చూసే మనసు ఇద్దరికీ లేకపోయింది. ఆస్క్‌రిగ్ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. మన దేశంలో రాత్రి తొమ్మిది. పొద్దుటి నుంచి దొరకని ఫోను సంకేతం అక్కడ దొరికింది. వాడు సైకిలు గోడకు చేరవేసి, గుడి వెనక్కి వెళ్లాడు. నేను గోడలో అడ్డంగా పెట్టిన పొడుగాటి రాళ్లు లెక్కపెడుతూ నిలబడ్డాను. పదిహేడు దాకా లెక్కపెట్టి, తప్పి, మళ్లీ మొదలుపెట్టాను.

చాలాసేపటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా వున్నాయి. "మీతో మాట్లాడుతుందిట" అని ఫోను నా చేతికిచ్చి, సైకిలు గాలి నొక్కి చూసుకోసాగాడు.

"ఏరా, సైకిలు తొక్కావటగా?" అంది అక్కయ్య. "పడలేదు గదా?"