‘ఎవరూ రాయలేదు’ అనే ముందు

మా భాయిజాన్ బిడ్డ పీహెచ్‌డీ చేస్తోంది. టాపిక్ దక్కనీ చక్కీనామాలు. తిరగలి తిప్పుతూ ఆడవాళ్లు పాడుకున్న సూఫీ పాటలు. మొన్న ఈద్‌కు వచ్చినప్పుడు సాహిత్య సమీక్ష చాప్టర్ నా చేతిలో పెట్టింది.

“జర చూడండి చాచా.”

చూశాను. ఫలానా వారు ఇట్లన్నారు, ఫలానా వారు అట్లన్నారు. దావత్‌కు పిలిచే మెహమాన్ల లిస్టులా ఉంది. చివర్లో ఒక జుమ్లా: ‘ఈ పాటలపై ఇంతవరకు ఎవరూ పనిచేయలేదు.’

“బేటీ, రిచర్డ్ ఈటన్ 1978లో బీజాపూర్ సూఫీల మీద పుస్తకం వేసిండు. అందులో చక్కీనామాలున్నయ్. ఆయన పేరు నువ్వే రాసినవ్.”

“ఆయన సవాల్ వేరు చాచా. ఇస్లాం పల్లె ఇళ్లల్లోకి ఎట్లా చేరిందని. నా సవాల్, ఆ పాటలు ఇప్పుడెవరికి యాదున్నాయని.”

“అదే రాయి. ఆయన ఎక్కడిదాకా వచ్చిండు, నువ్వు ఎక్కణ్నుంచి నడుస్తవ్. సమీక్ష అంటే అదే. మరి ఉర్దూలో ఏమేం చూసినవ్?”

తల దించుకుంది. “నాకు ఉర్దూ చదవరాదు కదా.”

దిల్‌కు తగిలింది. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు అఖ్బార్‌లో రోజీ సంపాదించుకున్నాను. పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పించాం, ఉర్దూ నేర్పలేదు. ఆమెకు ఖాళీగా కనిపించిన జాగా ఖాళీ కాదు, మా గఫ్లత్.

ఇప్పుడు ప్రతి జుమేరాత్ మగ్రిబ్ తర్వాత కూర్చుంటున్నాం. సూఫీల మీద మౌల్వీ అబ్దుల్ హక్ రాసిన కితాబ్ నేను చదువుతాను, ఆమె తెలుగులో నోట్స్ రాసుకుంటుంది. మొదటి పావుగంట మాత్రం అలిఫ్, బే.

ఆ జుమ్లాలో ‘ఎవరూ’ కొట్టేసింది. ‘నేను చదవగలిగినంతలో’ అని దిద్దుకుంది.